బూరకు పలకని దూడ

ఫ్లోరిడా చిత్తడి అడవిలో, చుట్టూ నీళ్ళున్న చిన్న మెట్ట మీద సొంత నేల నుంచి తరిమేస్తున్న తెల్ల సిపాయిల కంటపడకుండా దాక్కున్నారు ముగ్గురు సెమినోల్ తెగవాళ్ళు. ఎచో, తల్లి లేని అతని ఏడాది కూతురూ, అతనికి వైద్యం నేర్పుతున్న ముసలి గురువు నోకోసీ. పిల్ల పాల కోసం ఒక ఆవు. దాని పక్కన, ఈ అడవిలోనే పుట్టిన దూడ.

పొద్దున సిపాయిల మనిషి ఒకడు పడవలో తిరుగుతూ గొంతు చించుకుని అరిచాడు. "బయటికి రండి! తిండి పెడతారు, పడమట భూములిస్తారు. సెమినోల్ అంటే పారిపోయినవాడనేగా! ఎన్నాళ్ళు పరిగెడతారు?"

ఆ మాట ఎచోని సాయంత్రం దాకా పీక్కుతింది.

"తాతా, మన పేరుకి నిజంగా అదేనా అర్థం?"

"అదే. మంద విడిచి అడవి పట్టిన పశువుల్ని స్పెయిన్ వాళ్ళు అలా పిలిచేవాళ్ళు. తర్వాత మనుషుల్నీ అన్నారు. మనవాళ్ళ నోట్లో పడి ఆ మాట కాస్త మారింది."

"ఛీ! ఇదీ ఒక పేరేనా! నావల్ల కాదు తాతా. రేపు పిల్లని తీసుకుని వెళ్ళిపోతాను. అదైనా బతికి బట్టకడుతుంది."

నోకోసీ వెళ్ళొద్దనలేదు.

అంతలో సిపాయిల విడిదిలో బూర మోగింది. ఎచో ఒక్క గెంతులో వెళ్ళి ఆవు ముట్టెని రెండు చేతులా అదిమి పట్టుకున్నాడు. అది తెల్లవాళ్ళ దొడ్లో పెరిగిన ఆవు మరి. బూర వింటే ఉప్పు పెడతారని అంబా అంటూ పరిగెత్తడం దానికి అలవాటు. అది ఇక్కడ ఒక్కసారి అరిచిందంటే అందరి పనీ అయిపోయినట్టే.

నోకోసీ నెమ్మదిగా వచ్చి ఆవు మెడలో పలుపు విప్పాడు.

"వదులు."

"అమ్మో, వద్దు తాతా! పిల్లకి పాలో?"

"దుంపగంజి పోద్దాం. వదలరా."

ఎచో వదిలాడు. ఆవు నీళ్ళలో దిగి, ఎంతో ఆశగా, బూర మోగిన వైపే వెళ్ళిపోయింది. దూరం పోయాక గానీ అరవలేదు, నయం.

దూడ తల ఎత్తి వింది. పాపం, కాళ్ళు గడగడా వణుకుతున్నాయి దానికి. తల్లి వెళ్ళిన వైపు కాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, నీళ్ళలో ఎత్తుగా పెరిగిన, ఒళ్ళు కోసే గడ్డిలోకి దూరిపోయింది.

అటు తుపాకీ పేలింది. ఆవు అరుపు మధ్యలోనే ఆగిపోయింది. ఎవరో పగలబడి నవ్వారు. ఆ వెంటనే బూర మళ్ళీ మోగింది.

ఎచో చేతులు ఇంకా ముట్టెని పట్టుకున్నట్టే గాలిలో ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు నోకోసీ. "ఆ పేరు ఏ పశువుది?"

ఎచో నిద్రపోతున్న పిల్లని వీపుకి కట్టుకున్నాడు. వణుకుతూనే, దూడ వెళ్ళిన దారిన నీళ్ళలోకి దిగాడు.