కొంగ పంతులు లెక్కపెట్టిన డాల్ఫిన్లు

అనగనగా ఒక మడ అడవిలో, ఏరు సముద్రంలో కలిసే చోట, నాలుగు డాల్ఫిన్లు ఉండేవి. నాలుగంటే నాలుగే. పిల్లలూ, ఈ లెక్క మీరైనా గుర్తుపెట్టుకోండి.

ఆ ఏటికి అడ్డంగా నీటికుక్కలు తీగలతో వలలు కట్టేవి. చేపల కోసమే కట్టేవి. డాల్ఫిన్ల మీద వాటికి ఏ కోపమూ లేదు. కానీ డాల్ఫిన్ చేప కాదు. మనలాగే దానికీ గాలి కావాలి. వలలో చిక్కి పైకి రాలేకపోతే ప్రాణం పోతుంది.

అడవికి పెద్ద తాబేలు తాత. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఏ జాతి తగ్గిపోతే ఆ జాతి పేరు 'ఆపద పట్టీ'లో రాస్తారు. పేరు ఎక్కితే వాళ్ళ దారిలో వలలు తీసేయాలి. ఏడాదికోసారి లెక్కపెట్టే పని కొంగ పంతులుది. ఒంటికాలి మీద కదలకుండా నిలబడతాడని ఆయనకు ఆ పని ఇచ్చారు. లెక్కలు వచ్చా అని ఎవరూ అడగలేదు.

మొదటి ఏడు కొంగ పంతులు గట్టున నిలబడ్డాడు. బురదనీళ్ళలో వీపులు తప్ప ఏమీ కనబడవు. వీపు తేలినప్పుడల్లా ఒక గీత గీశాడు. మొత్తం నలభై గీతలయ్యాయి.

"నలభై" అన్నాడు.

"దండిగా ఉన్నాయి" అని తాబేలు తాత తల లోపలికి లాక్కున్నాడు.

ఏరమ్మ అనే తల్లి డాల్ఫిన్ ఈ మాట విని తెగ సంబరపడింది. "మనం నలుగురమే అనుకున్నాను. మనవాళ్ళు ఇంకా ముప్పై ఆరుమంది ఉన్నారట" అంది. వాళ్ళ కోసం ఏరంతా వెతికింది. ఒక్కరూ కనబడలేదు.

రెండో ఏటికి ఒక డాల్ఫిన్ వలలో పోయింది. మిగిలిన మూడూ బెదిరిపోయి మాటిమాటికీ పైకి వచ్చేవి. కొంగ పంతులు యాభై గీతలు గీసి, "పెరిగాయి" అన్నాడు. అడవి ఆయనకు పెద్ద రొయ్యను బహుమతిగా ఇచ్చింది.

మూడో ఏటికి ఇంకొకటి పోయింది. ఏరమ్మ, దాని కూతురు నురగ మాత్రమే మిగిలాయి. కొంగ పంతులు గీతలు గీస్తుంటే ఏరమ్మ గట్టు దగ్గరికి వచ్చింది.

"పంతులు గారూ, ఎవరిని లెక్కపెడుతున్నారు?"

"డాల్ఫిన్లని. నువ్వు అరవయ్యోదానివి."

"యాభై తొమ్మిదోదాన్ని కూడా నేనేనండీ. యాభై ఎనిమిది మా నురగ. ఈ ఏట్లో ఉన్నది మేమిద్దరమే."

కొంగ పంతులు తన గీతల వంక చూశాడు. ఏరమ్మ చెప్పింది నిజమని ఆయనకు అప్పుడే తెలిసిపోయింది.

"ఇప్పుడు రెండని చెబితే, పాత లెక్కలూ తప్పని తేలుతుంది. నా పరువేం కాను?" అన్నాడు.

"పరువు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. నా బిడ్డకు ఊపిరి ఆడకపోతే?"

"తొందరపడకమ్మా. వచ్చే ఏటి నుంచి మెల్లగా తగ్గిస్తాను. అరవై కాస్తా ఒక్కసారే రెండంటే అడవి కంగారుపడుతుంది."

తాబేలు తాతకు అరవై అనే చెప్పాడు. తాత సంతోషించి ఇంకో వలకు అనుమతి ఇచ్చాడు.

పది రోజులకు ఆ కొత్త వలలో నురగ చిక్కుకుంది. ఏరమ్మ తీగల్ని ముక్కుతో తోసింది, పళ్ళతో కొరికింది. నీటికుక్కలు వచ్చి విప్పేసరికి నురగ కదలడం లేదు. అయినా ఏరమ్మ బిడ్డను గాలి తగిలేలా పైకి ఎత్తుతూనే ఉంది. అలా మూడు రోజులు ఎత్తింది. ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది.

గట్టు మీద నుంచి కొంగ పంతులు ఆ మూడు రోజులూ చూశాడు. నాలుగో రోజు తాబేలు తాత దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పేశాడు.

"అయితే ఇప్పుడు ఎన్ని?" అని తాత అడిగాడు.

"ఒకటి."

"అరవై నుంచి ఒకటికి పడిపోయాయా?"

"అరవై ఎప్పుడూ లేవు తాతా. నాలుగుండేవి."

ఆ రోజే డాల్ఫిన్ పేరు ఆపద పట్టీలోకి ఎక్కింది. వలలన్నీ తీసేశారు. తాబేలు తాత స్వయంగా ఏటి దాకా నడిచి వెళ్ళాడు.

"అమ్మా, దారి తెరిచాం. ఇక మీవాళ్ళంతా రావచ్చు" అన్నాడు.

ఏరమ్మ పైకి వచ్చి గాలి పీల్చుకుంది.

"మావాళ్ళంతా వచ్చేశాం తాతా" అంది.

నీతి: తప్పు తెలిసిన రోజే ఒప్పుకోవాలి. వచ్చే ఏటి దాకా పరువు ఆగుతుంది, ప్రాణం ఆగదు.