ఎడమ చేతిలో కాఫీ

ఎవరేం అడిగినా ముందు కాఫీ పెట్టివ్వడం రత్నాంబగారి అలవాటు. తాగాక జవాబు చెప్తారేమోనని చూస్తే, గ్లాసు కడిగి పెట్టమనేవారు, అంతే. నాలుగేళ్ళుగా ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న గవర్రాజుకి ఇదే ఒళ్ళుమంట.

ఆవిడ విద్యేంటంటే, శబ్దాన్ని కంటికి చూపించడం. మధ్యలో ఒక్క మేకు మీద నిలబెట్టిన పల్చటి గుండ్రటి ఇత్తడి పలక, దాని మీద చారెడు సన్న ఇసక. అంచుని వయొలిన్ కమానుతో ఒక్క లాగు లాగితే పలక పాడుతుంది, ఇసక గంతులేసి గంతులేసి ఎనిమిది రేకుల పువ్వై కూర్చుంటుంది. డెబ్బై దాటిన ఆవిడ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. అందుకని ఆదివారం కాకినాడలో ప్రదర్శన మొట్టమొదటిసారి గవర్రాజు ఒక్కడే చెయ్యాలి. శుక్రవారం వచ్చేసింది. పువ్వు మాత్రం రావట్లేదు. వచ్చినా, ఎడమవైపు రేకులు ఎలక కొరికేసినట్టుంటున్నాయి.

ఇసక మార్చాడు. జల్లెడ మార్చాడు. కమాను వెంట్రుకలు కొత్తవి వేయించాడు. మేకు బిగించాడు, వదులు చేశాడు. పలక ఎక్కడ ఒరిగిపోతుందోనని ఎడమ చేత్తో అంచు గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి మరీ లాగాడు. ఊహూఁ.

"ఏంటండీ అమ్మగారూ ఇది! వణికే మీ చేతికొచ్చే పువ్వు, నిలకడగా ఉన్న నా చేతికెందుకు రాదండీ?"

రత్నాంబగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. గవర్రాజు నెత్తి కొట్టుకున్నాడు. మళ్ళీ కాఫీ!

అంచుదాకా నింపిన స్టీలు గ్లాసు తెచ్చి అతని ఎడమ చేతిలో పెట్టారావిడ. "బల్ల మీద పెట్టకు, మరక పడుద్ది. పట్టుకునే లాగు."

"చెయ్యి కాలిపోతోందండీ!"

"కాఫీ కదా, కాలదేంటి? లాగు."

ఇంక విసుగెత్తిపోయి, కళ్ళు గ్లాసు మీద పెట్టి, కమాను ఎలాగోలా ఒక్క లాగు లాగాడు. గది గదంతా మోగిపోయింది. తిరిగి చూస్తే పలక మీద ఎనిమిది రేకులూ, ఒక్కటీ చెదరకుండా!

గవర్రాజు గెంతిన గెంతుకి సగం కాఫీ పువ్వు మీదే పడింది. "చూశారా, చూశారా! తప్పు ఇసకదేనని నే చెప్పలా? ఇవాళే ఏటి ఇసక తెచ్చా. ఉండండి, మళ్ళీ చూపిస్తా!" అంటూ గ్లాసు ఆవిడ చేతికిచ్చేసి, పలక తుడిచి, కొత్త ఇసక చల్లి, అది ఒరక్కుండా ఎడమ చేత్తో అంచు గట్టిగా పట్టుకున్నాడు.

రత్నాంబగారు ఆ చెయ్యి వంక చూశారు. వణుకుతున్న తన చేతిలో మిగిలిన సగం గ్లాసు వంక చూశారు. నాలుగేళ్ళ నిట్టూర్పు ఒకటి వదిలారు.

"సరే గవర్రాజూ, మరి ఆదివారం స్టేజీ మీద నీకు కాఫీ ఎవరిస్తారు నాయనా?"