మునసబు కుండలో మూడు గింజలు

కొండపేటనూ ఏటిపేటనూ కలిపి రాజుగారు ఒకే పంచాయతీ చేశారు. మొదటి ఎన్నికకు, గింజ చప్పుడు వినపడకుండా అడుగున ఇసక పోసి రెండు కుండలు పెట్టించారు. ఎర్రది కొండపేట మునసబు వీర్రాజుది, నల్లది ఏటిపేట పడవ నడిపే గౌరయ్యది. నచ్చినవాడి కుండలో చింతగింజ వెయ్యాలి.

గెలుపు సంగతెలా ఉన్నా, ఎవరు ఎందులో వేస్తారో చూడాలని మునసబుకు మహా ఆరాటం. కుండల పక్కనే కుర్చీ వేయించుకుని మీసం దువ్వుతూ కూర్చున్నాడు. ఇంకేముంది, జనం కాళ్లు కదల్లేదు.

వరసలో ముందున్న కుమ్మరి సన్యాసమ్మ దణ్ణం పెట్టింది. "బాబూ, రెండూళ్లూ ఇవాళే వియ్యమందుకున్నాయి. ఒక్క కుండలోనే చెయ్యి పెడితే రెండో ఊరు చిన్నబుచ్చుకోదా? గుప్పిట మూసి రెండింట్లోనూ పెడతాం. గింజ ఒకదాన్లోనే వదుల్తాం."

రాజుగారి మనిషి భేషన్నాడు. కాదంటే ఊళ్లు కలవడం ఇష్టం లేదంటారని మునసబూ తలూపాడు.

పొద్దుగూకేదాకా కళ్లు చించుకుని చూశాడు. గుప్పిళ్లు రెండు కుండల్లోనూ దిగాయి, గుప్పిళ్లుగానే పైకొచ్చాయి.

నల్లకుండ నిండింది. ఎర్రకుండలో మూడే గింజలు.

"నువ్వెందులో వేశావే?" అన్నాడు మునసబు.

"ఆ మూడింట్లో ఒకటి నాదే బాబూ," అంది సన్యాసమ్మ. దారిలో ఎవర్నడిగినా అదే మాట.

ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నాక మునసబుకు తట్టింది. తనతో కలిపి గింజ వేసినవాళ్లు ఇంట్లోనే ఐదుగురు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొడుకుల్నీ కోడల్నీ ఒక్కొక్కరినే చూస్తున్నాడు.

"ఆ మూడింట్లో ఒకటి నాదేనండీ," అంది భార్య, అడక్కుండానే.