భుజంగానికి చిక్కని మాట

అనగనగనగా, ఏటి అవతలి గట్టున ఒక కోట ఉండేదిట. ఇవతలి ఊళ్ళో వరాలు అని ఒక పిల్ల. వాళ్ళక్క కోమలి కోటలో పూలదండలు కట్టేది. ఆ దండలు దొరసానికి ఎంత నచ్చాయంటే, ఇంక ఆ పిల్లని ఇంటికే పంపలేదు. తల్లికి ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఊరుకోవే అమ్మా, అక్కని నేను తీసుకొస్తాను," అంది వరాలు.

వరాలు రోజూ పడవలో వెళ్ళి కోట గుమ్మంలో పూలబుట్ట ఇచ్చి వచ్చేది. లోపలికి పోనిచ్చేవాళ్ళు కారు. అప్పుడేం చేసిందీ, పూలకింద చీటీ పెట్టింది, 'పెరటి తలుపు దగ్గర ఉంటా, రా' అని. కాపలా భుజంగం బుట్ట తిరగేసి చీటీ చదివేశాడు. పెరటి తలుపుకి అడ్డంగా గోడ లేచింది.

ఆ తర్వాత వరాలికి చిన్నప్పుడు అక్కతో ఆడిన ఆట గుర్తొచ్చింది. ఒక మాట అనుకోవాలి. అందులో ఒక్కో పదానికి ఎన్ని అక్షరాలుంటే, చీటీలో వరసగా అన్నేసి లెక్కపెట్టగా వచ్చేదే అసలు అక్షరం. మిగతావన్నీ ఉత్త తాలు. మాటేదో చెప్పే దారి లేక, అక్క పేరే పెట్టి, 'రేవు మెట్ల దగ్గరికి రా' అని రాసింది. ఆ ఆట భుజంగానికీ తెలుసు. ఇట్టే విప్పేశాడు. కోమలిని రేవుకి కూడా వెళ్ళనివ్వడం మానేశారు.

"మీ అక్క పేరే పెట్టావుటే? ఇంకోటి రాయి, అదీ చదువుతా!" అని వెక్కిరించాడు.

వరాలు ఓణీతో కళ్ళు తుడుచుకుంది. తప్పు ఆటది కాదు, మాటది. ఎవరి ఊహకీ అందని మాట కావాలి. అది చీటీ వెళ్ళే దారిన వెళ్ళకూడదు.

అప్పుడు గాజుల సూరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ గాజులు తొడగడానికి కోటలోకి వెళ్తుంది. ఆవిడ బుట్టా వెతుకుతారు గానీ, నోట్లో మాటని ఎవరు వెతుకుతారు చెప్పు?

"అత్తా, అక్క చెవిలో ఈ ముక్క వెయ్యి. 'గొడుగేసుకున్న పీతకి జలుబు'."

"అంటే ఏమిటే?"

"నీకు తెలియకపోవడమే మంచిదత్తా. నిన్ను నిలదీసినా, చెప్పడానికి నీ దగ్గరేం ఉండకూడదు."

సూరమ్మ పకపకా నవ్వింది. కోమలికి గాజులు తొడుగుతూ చెవిలో వేసేసింది. ఆవిడ తిరిగొచ్చి "చెప్పానే" అన్నాకే వరాలు చీటీ రాసింది.

భుజంగం పట్టుకున్నాడు. అమ్మ పేరు, ఊరి పేరు, దేవుళ్ళ పేర్లు అన్నీ పెట్టి చూశాడు. ఊహూ! సరే, కోమలి ఎటు కదులుతుందో చూద్దామని, నకలు రాసుకుని చీటీ లోపలికి పంపాడు.

కోమలి పీతమాట పెట్టి చదువుకుంది. 'జాతరనాడు పగటివేషాల వాళ్ళతో కలిసి రా. వాళ్ళతో మాట్లాడాను.'

జాతర వచ్చింది. వేషగాళ్ళు కోటలో ఆడి, పాడి, బయల్దేరారు. కోమలి ముఖానికి రంగు పూసుకుని, గడ్డం కట్టుకుని వాళ్ళ మధ్య నడిచింది. ఎక్కడా అడుగు ఆపలేదు.

గుమ్మంలో భుజంగం నకలు ముందేసుకుని, వేళ్ళు మడుస్తూ ఇంకా అక్షరాలు లెక్కపెడుతున్నాడు. మీద నీడ పడింది.

"జరుగవయ్యా గడ్డం! వెలుతురుకి అడ్డం," అని తల ఎత్తకుండానే కసిరాడు.

కోమలి జరిగింది. జరిగి, అలాగే రేవుకి నడిచింది. వరాలు పడవ తోసింది. ఏరు దాటితే దొర మాట చెల్లదు. ఇవతలి గట్టు మీద అమ్మ, చేతులు చాచుకుని నీళ్ళలోకే వచ్చేసింది.

అక్క చేరె ఇంటికి, నిద్ర చేరె కంటికి,
కథ చేరె కంచికి, మనం చేరాం మంచానికి!