మామ్మ ఆకులో ఏం పెట్టాలి?

పన్నెండు వేల రూపాయలతో సామర్లకోటలో భోజనాల కాంట్రాక్టు మొదలుపెట్టిన కొండబాబుకు లెక్కలు ఎంత చురుగ్గా వచ్చేవో, తనకు తెలియనిదేదీ లేదన్న ధీమా కూడా అంతే ఉండేది. పెళ్ళివారు ఎంతమంది వస్తారో చెప్పీ చెప్పకముందే, బియ్యం ఎన్ని కిలోలు, పప్పు ఎన్ని కిలోలు అని నోటితోనే తేల్చేసేవాడు. ఏ ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో కూడా గుర్తుపెట్టుకునేవాడు. "మీ బావగారికి పనసపొట్టు కూర కదండీ!" అంటే వాళ్ళు మురిసిపోయేవారు.

ఆ పన్నెండు వేలూ అతని మామ్మ సూరీడమ్మ ఇచ్చినవి. కొడుకు చిన్న వయసులోనే పోతే, వీధి అరుగు మీద ఇడ్లీలు అమ్మి మనవణ్ణి చదివించింది ఆవిడే. "నీకేం కావాలి మామ్మా?" అని ఎవరైనా అడిగితే, "నాకేముందిరా, ఏదైనా ఒకటే" అనేది.

ఆవిడ పోయి ఏడాది అయింది. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. సంవత్సరీకం నాడు పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి, ముందుగా వాళ్ళ ఆకులో వడ్డించి, ఫోటో ముందు పెట్టి తలుపు దగ్గరగా వెయ్యాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు తినాలి.

"మామ్మ సంగతులు నాకు వదిలెయ్యండి. నాకంటే ఎవరికి తెలుసు?" అన్నాడు కొండబాబు. ఎనభై మందిని పిలిచాడు. గుత్తివంకాయ, బూరెలు, పెసర పునుకులు, పులిహోర దగ్గరుండి చేయించాడు.

మధ్యాహ్నం వాళ్ళమ్మ నాగరత్నం అరిటాకు తెచ్చి ఫోటో ముందు పరిచింది. "ఒరే కొండా, మామ్మకి ఇష్టమైంది ముందు వడ్డించు" అంది.

కొండబాబు గుత్తివంకాయ గరిటెతో తీశాడు.

"అది నీకిష్టంరా" అంది మేనత్త. "అదుంటే తప్ప ముద్ద ముట్టేవాడివి కాదని వండేది."

"అయితే బూరెలు."

"అవి మీ నాన్నకి" అంది నాగరత్నం.

"పోనీ, పునుకులు?"

మేనత్త తల దించుకుంది. "అవి నాకు" అంది.

మామ్మ ఏది ఇష్టంగా తినేదో కొండబాబు గుర్తుచేసుకోబోయాడు. మామ్మ ఆకు వేసుకుని కూర్చోవడం అతనికి గుర్తు రాలేదు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది, ఆ గిన్నెలోనే కలుపుకుని తినేది.

"ఊరందరి ఇష్టాలూ చెప్తావు, ఇంట్లోది తెలీదా?" అంది మేనత్త. "ఏదో ఒకటి పెట్టెయ్యి. బయట అందరూ ఆకలితో ఉన్నారు. మా అమ్మేమైనా వచ్చి కాదంటుందా?"

"తెలియకుండా పెట్టను అత్తా" అన్నాడు కొండబాబు. గరిటె దించి, పందిట్లో కూర్చున్న బంగారమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ సూరీడమ్మకు చిన్ననాటి స్నేహితురాలు.

"బంగారమ్మ మామ్మా, మా మామ్మకి ఏది ఇష్టం?"

ఆవిడ బోసినోటితో నవ్వింది. "ఇన్నాళ్ళకి అడిగావా! మిరపకాయ బజ్జీరా. గుడికని చెప్పి బయల్దేరేవాళ్ళం కదా, వచ్చేటప్పుడు స్టేషన్ దగ్గర బండి ముందు ఆగేవాళ్ళం. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ఇంకోటి ఇవ్వమనేది."

"ఇంట్లో ఎన్నిసార్లో వేసింది. ఒక్కటి తినగా చూడలేదే!"

"వేసేవాళ్ళకి వేడిది ఎలా దక్కుతుందిరా? మీ అందరికీ అయ్యేసరికి పిండి గిన్నె ఖాళీ. 'ఇక్కడైతే హాయిగా ఉంది బంగారం, నన్ను ఇంకో వాయి వెయ్యమనేవాళ్ళు లేరు' అనేది."

బజ్జీల బండి సాయంత్రం గానీ రాదు. కొండబాబు తనే శనగపిండి కలిపాడు. లెక్కలే తప్ప మూకుడు ముందు ఏనాడూ నిలబడలేదు. మొదటి బజ్జీకి పిండి జారిపోయింది. రెండోది మాడింది. వేలు కాలింది. "లే, నేను వేస్తాను" అని నాగరత్నం వచ్చినా పక్కకు జరగలేదు. చివరికి ఒకటి కుదిరింది. దాన్ని పొగలు కక్కుతుండగానే ఆకులో పెట్టి, ఉల్లిపాయ ముక్కలు చల్లి, తలుపు దగ్గరగా వేశాడు. అన్నం చల్లారిపోయిందని వచ్చినవాళ్ళు గొణిగారు.

అందరూ వెళ్ళాక, "ఎనభై మంది, ఎనభై ఆకులు. ఒక్కటి తగ్గలేదు, ఒక్కటి మిగల్లేదు" అనుకుంటూ లోపలికి వచ్చాడు. వంటింట్లో నాగరత్నం ఒక్కతే కూర్చుని ఉంది. గుత్తివంకాయ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, అడుగున మిగిలిన గుజ్జులో అన్నం కలుపుకుంటోంది. ఆ ఎనభై ఆకుల్లో ఆమెది లేదు.

కొండబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు. "అమ్మా, నీకేం ఇష్టం?" అని అడిగాడు.

"నాకేముందిరా, ఏదైనా ఒకటే."

"మామ్మ కూడా ఇదే మాట అనేది. ఇలా కుదరదు, చెప్పు."

నాగరత్నం ఒళ్ళోని గిన్నె కింద పెట్టింది. ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లగా అంది. "పెసరట్టు... అంచులు కరకరలాడాలి. పెనం మీంచి నేరుగా నా పళ్ళెంలోకి రావాలి."

ఇప్పుడు నానబెడితే పొద్దున్నకి పిండి సిద్ధం. కొండబాబు చేతులు కడుక్కుని, అటక మీది పెసల డబ్బా కోసం పీట వేసుకున్నాడు.

మనకు వండిపెట్టినవాళ్ళకు ఏది ఇష్టమో, వాళ్ళు మన ఎదుట ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాలి.