యుర్గా చుట్టరికం

కుదురుగా కూచోండర్రా, చెబుతాను. మీ తాతల తాతలకి ముత్తాతలు కూడా పుట్టని రోజుల మాట. పోలండ్ అని ఓ దేశం, పక్కన లిథువేనియా అని ఓ దేశం, సరిహద్దున ఓ ఏరు. యాగెల్లో వంశపు రాజు వచ్చి రెండు దేశాల్నీ ఏలాడు. రాజు ఒక్కడయ్యాడు సరే, జనం ఒకటవద్దూ! ఏటికి అటువాళ్ళూ ఇటువాళ్ళూ, అడవి మాదంటే మాదని గొడ్డళ్ళు నూరుకుంటూనే ఉన్నారు.

లిథువేనియా ఒడ్డున ఓ ఊళ్ళో యుర్గా అనే ముసలావిడ ఉండేది. అడవిలో మూడు చెట్టు తొర్రలు, వాటిలో తేనెటీగలు, అదే ఆవిడ జీవనం. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు. తేనెటీగల్ని అమ్మరు, కొనరు. ఒకరి ఈగలు లేచిపోయి ఇంకొకరి చెట్టున వాలితే తిరిగి అడగరు. ఆ రెండిళ్ళూ ఆనాటి నుంచి చుట్టాలు. రొట్టె పట్టుకెళ్ళి ఆ మాట చెప్పి రావాలి, అంతే.

మొదటి ఏడు ఒక తొర్రలో ఈగలు లేచాయి. ఏరు దాటి, దొబెక్ అనే పోలండ్ రైతు పెరట్లో వాలాయి. అందరూ వద్దన్నా యుర్గా రొట్టె పట్టుకుని పడవెక్కింది. దొబెక్‌కి ఆ కట్టుబాటు తెలిస్తేగా! ఈగల్ని ఎత్తుకుపోవడానికి వచ్చిందనుకుని కుక్కని ఉసిగొల్పాడు. ఆవిడ రొట్టె గుమ్మంలో పెట్టి వచ్చేసింది.

రెండో ఏడు రెండో తొర్ర ఖాళీ. మళ్ళీ ఆ పెరట్లోనే వాలాయి, మళ్ళీ ఆవిడ రొట్టె పట్టుకుని పడవెక్కింది. ఈసారి రొట్టెలో మందేదో కలిపిందని దాన్ని పందులకి వేశాడు మహానుభావుడు. పందులు నిక్షేపంలా ఉన్నాయి.

మూడో ఏడు మూడో తొర్రా ఖాళీ. ఇక ఆవిడకి బతుకుతెరువే లేదు. ఊళ్ళో మగాళ్ళు గొడ్డళ్ళు తీశారు, ఈగల్ని లాక్కొస్తామని. వెళితే రెండు వైపులా పీనుగులు లేస్తాయి. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, నేను వెళ్ళొచ్చేదాకా ఆగండయ్యా అని బతిమాలింది. ఇంట్లో ఉన్న ఆఖరి పిండితో రొట్టె కాల్చి మళ్ళీ పడవెక్కింది.

దొబెక్ గుమ్మంలోనే నిలేశాడు. ఆవిడ వచ్చీరాని మాటల్లో కట్టుబాటంతా చెప్పింది. అతనికి నమ్మకం కుదరలేదు.

“నీ ఈగలన్నీ నా దగ్గరికే వచ్చేశాయి. ఇంక నీకేం మిగిలింది?” అన్నాడు.

“నువ్వున్నావుగా తమ్ముడూ,” అంది.

దొబెక్ సిగ్గుతో చితికిపోయాడు. రొట్టె విరిచి సగం ఆవిడకిచ్చాడు, సగం తను తిన్నాడు. తేనె కుండ పడవలో పెట్టి, తనే తెడ్డు వేసుకుంటూ ఆవిణ్ణి దిగబెట్టడానికి వచ్చాడు. ఒడ్డున గొడ్డళ్ళతో కాచుకున్నవాళ్ళు చూద్దురు గదా, పోలండువాడు ఒంటరిగా కుండ పట్టుకుని దిగుతున్నాడు.

“ఇది మా అక్క ఊరు. కొడితే కొట్టండి, ముందు ఈ తేనె దింపుకోండి,” అన్నాడు.

ఇంకెవరికి చెయ్యి లేస్తుంది? ఆనాటి నుంచి దొబెక్ తీసిన తేనెలో సగం ఏరు దాటి వచ్చేది. ఆ తేనె తిన్న ఊరు అడవి కోసం మళ్ళీ గొడ్డలి ఎత్తలేదు.

యుర్గా పోయింది. చాలా కాలానికి ఆ రాజవంశంలో ఆఖరి రాజు కూడా పోయాడు. ఆయనకి పిల్లల్లేరు, వంశం అంతటితో ఆగిపోయింది. యుర్గాకీ పిల్లల్లేరు. అయితేనేం, ఆ ఏటికి రెండు వైపులా ఇప్పటికీ ఈగలు ఎవరింట వాలితే వాళ్ళింటికి రొట్టె పట్టుకెళతారు. తలుపు తీసినవాళ్ళు ఏ ఊరు, ఏ భాష అని అడగరు. “యుర్గా పిల్లలొచ్చారు, పీటలు వెయ్యండి,” అంటారు.