సత్తెవ్వ సూది

డాక్టర్ మందాకిని గారిని ప్రశ్న అడిగిన శిష్యుడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. దంతవైద్య కళాశాలలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినా ఆమెకు ఆ అలవాటు పోలేదు. "ఎందుకు మేడమ్?" అంటే "ముందు ఆ పిల్లవాడి నోట్లో దూది మార్చు" అంటారు. "ఎలా మేడమ్?" అంటే "ఆ అద్దం తుడిచి ఇలా ఇవ్వు" అంటారు. వాదం పెట్టుకుందామని వచ్చినవాడు చేతులు కడుక్కుని పనిలో పడతాడు. అయినా ఆమె వెంట తిరిగే కుర్ర డాక్టర్లకు ఏనాడూ కొదవ లేదు.

ఆ ఏడు ఆమె వెంట తిరిగినవాడు శ్రీచరణ్. పట్టా చేతికొచ్చి ఏడాది కాలేదు గానీ, లోకాన్ని దిద్దెయ్యాలన్న తొందర నిండా ఉంది. మనసు వెన్నే. కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

సిరిసిల్ల వైపు ఒక మరమగ్గాల ఊళ్లో, చిన్న బడిలో, రెండో తరగతి పిల్లలందరికీ వీళ్లిద్దరూ కలిసి దవడపళ్లకు పూత వేశారు. ఆ పూత సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఆరేళ్లు వచ్చేసరికి పాలపళ్ల వరసకు వెనక చప్పుడు చెయ్యకుండా ఒక పెద్ద పన్ను మొలుస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కనక, అదీ పాలపన్నే కాబోలని ఇంటిల్లిపాదీ పట్టించుకోరు. నిజానికి అది ముసలితనం దాకా నమలాల్సిన పన్ను. దాని నెత్తిన బ్రష్షు కుచ్చు కూడా దూరనంత సన్నటి గాడులుంటాయి. అందులో మెతుకు దూరిందంటే ఇక అక్కడే కాపురం. అది పుచ్చకముందే గాడిని శుభ్రం చేసి, ఆరబెట్టి, తెల్లటి మందు చుక్క వేసి, నీలి దీపం చూపిస్తే చుక్క గట్టిపడి గాడి మూసుకుపోతుంది. ఇంజెక్షన్ లేదు, తొలిచే మర లేదు, ఏడుపు లేదు. ఉన్నదల్లా ఒక్కటే నియమం, పూత పడేటప్పుడు పంటికి ఉమ్మి తగలకూడదు.

మూడు నెలల తర్వాత ఆ పూతలు ఎలా ఉన్నాయో చూడటానికి మళ్లీ అదే బడికి వెళ్లారు. వరండాలో రెండు బల్లలు కలిపి వేసి, ఒక్కొక్క పిల్లనూ పడుకోబెట్టి చూస్తున్నాడు శ్రీచరణ్. లాస్య అనే ఏడేళ్ల పిల్ల నోరు తెరిచింది. పైరెండు దవడపళ్ల మీదా పూత నిక్షేపంగా ఉంది. కిందిరెండింటి మీదా పూత అన్నది లేదు.

"ఏమైందమ్మా ఇక్కడి మందు?"

"మా నాయినమ్మ సూదితోని తీసింది సార్" అంది ఆ పిల్ల, అదేదో గొప్ప సంగతి అయినట్టు.

శ్రీచరణ్‌కు ఒళ్లు మండిపోయింది. అద్దం పళ్లెంలో పడేసి గురువు దగ్గరికి వెళ్లాడు. "చూశారా మేడమ్! ఎండలో పడి వచ్చి మనం చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరు. కాగితం ఇచ్చాం, టీచరుతో చెప్పించాం. ఇంట్లో కూర్చుని సూదితో పీకి పారేశారు. విననివాళ్లకు ఎలా చెప్పాలి మేడమ్? అసలు ఎన్నిసార్లు చెప్పాలి?"

మందాకిని గారు చేతి తొడుగులు విప్పుకుంటూ, "ఆవిణ్ణి రమ్మని కబురు పంపించు" అన్నారు. అంతే.

సత్తెవ్వ పరుగున వచ్చింది. మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూ మధ్యలో లేచి వచ్చినట్టుంది, జుట్టు నిండా నూలు పీచు. కొడుకు మగ్గం మీదికీ కోడలు బీడీల కార్ఖానాకూ పోతే, ఇద్దరు మనవరాళ్లనూ పెంచేది ఆవిడే. వస్తూనే మనవరాలి ఒళ్లంతా తడిమి చూసుకుంది. ఎక్కడా దెబ్బ తగల్లేదని రూఢి చేసుకున్నాకే డాక్టర్ల వైపు తిరిగింది.

"ఏమైంది డాక్టరమ్మా? పోరి ఏమన్న అల్లరి చేసిందా?"

మందాకిని గారు నోరు విప్పేలోగా శ్రీచరణ్ అందుకున్నాడు. "పిల్ల పళ్ల మీది తెల్లటి మందు సూదితో పీకేశావటగా అవ్వా!"

"మందా?" అంది సత్తెవ్వ. "నేను అన్నం మెతుకు అనుకున్న సారూ. రోజూ పొద్దుగాల, పొద్దుమూకి దీని నోరు తెరిచి చూస్త. ఒకనాడు ఎనక పండ్లల్ల తెల్లగ కనవడ్డది. పుక్కిలిపిస్తె పోలే. పుల్లతోని గీకితె రాలే. ఇగ సూది కాల్చి, సల్లారినంక మెల్లగ తీసిన. కిందియి రెండు దినాలల్ల ఊడినయి. మీదియి వారం దినాలు గుంజిన, ఎంతకూ రాలే."

"ఎందుకు తియ్యాలి? టీచరమ్మ చెప్పలేదా?"

"టీచరమ్మ పిల్లలకు చెప్పిందేమో, నాకైతె ఎర్కలేదు బిడ్డా. కాగితం ఇచ్చిన్రట, నాకు సదువు రాదాయె." ఆవిడ మనవరాలిని దగ్గరికి తీసుకుంది. "పెద్దదాని పన్ను నేనే పోగొట్టిన. శ్రావ్యది. నొస్తున్నది నాయినమ్మా అంటె, పాలపన్నే, ఊడిపోతది ఊకో అన్న. ఊరంత గట్లనే అన్నరు. బుగ్గ ఉబ్బి మూడు దినాలు నా ఒడిల తండ్లాడింది. పట్నంల పెరికిచ్చినంక డాక్టరు చెప్పిండు, అది పాలపన్ను కాదవ్వా, మల్ల రాదు అని. ఇప్పటికీ అది ఒక్క పక్కనే నములుతది సారూ. అది బువ్వ తింటుంటె నాకు ముద్ద దిగది. గందుకే దీని నోరు రోజూ చూస్త." లాస్య తల పొట్టకు అదుముకుంది. "ఇప్పుడు దీనిది గూడ నా చేతులతోనే పోగొట్టిన్నా డాక్టరమ్మా? నిజం చెప్పున్రి."

శ్రీచరణ్ బల్ల చివర చోటు చేసి ఆవిణ్ణి కూర్చోబెట్టాడు.

మందాకిని గారు లాస్యను బల్ల మీద పడుకోబెట్టి, తల సత్తెవ్వ ఒడిలోనే పెట్టించారు. దీపం దగ్గరికి లాక్కుని కిందిపళ్లు రెండూ చాలాసేపు చూశారు.

"మచ్చ కూడా లేదు సత్తెవ్వా" అన్నారు చివరికి. "ముత్యంలా ఉంది. ఇంత శుభ్రమైన నోరు నేనీ బడిలో చూడలేదు."

సత్తెవ్వ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. నాయనమ్మ ఎందుకు ఏడుస్తోందో తెలియక లాస్య నోరు తెరిచే ఉంచి, చెయ్యి పైకి చాపి ఆవిడ గడ్డం పట్టుకుంది.

"చరణ్, గుచ్చి చూసే పరికరం తీసుకుని ఆ పైపళ్ల మీది పూత లేపు చూద్దాం" అన్నారు మందాకిని గారు.

శ్రీచరణ్ పరికరం మొనతో పూత అంచున నెట్టి చూశాడు. కాస్త బలంగానే నెట్టాడు. పూత ఇసుమంత కూడా కదల్లేదు.

"సరిగ్గా అంటిన పూత సూదికి రాదు" అన్నారామె, మామూలు గొంతుతోనే.

శ్రీచరణ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆనాడు ఈ పిల్ల కిందిపళ్లు చేసింది తనే. మధ్యాహ్న భోజనం గంట కొట్టేశారు, పిల్లలు పళ్లేలు పట్టుకుని తోసుకుంటున్నారు, చేతి కింది దూది ఉమ్మికి నానింది. మార్చాలి అనుకున్నాడు. ఇంకో రెండు పళ్లే కదా అని మార్చలేదు. సత్తెవ్వ సూది పెట్టకపోయినా, ఆ పూత నేడో రేపో తనంతట తానే రాలిపోయేది.

పరికరం పళ్లెంలో పెట్టాడు. తర్వాత సత్తెవ్వ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అవ్వా, తప్పు నీది కాదు. ఆ రోజు తడి తగలనిచ్చింది నేను. అందుకే ఊడింది."

సత్తెవ్వ కొంగు దించి అతని మొహంలోకి చూసింది. "పోనీ తియ్యి బిడ్డా" అంది. "నువ్వు గూడ పిలగానివే. మల్ల పెట్టు, ఏమైతది?"

మళ్లీ పెట్టారు. ఈసారి దూది మూడుసార్లు మార్చాడు శ్రీచరణ్. నీలి దీపం ఆర్పాక, మందాకిని గారు సత్తెవ్వ చేతులు కడిగించి, "వేలితో మీరే చూడండి" అన్నారు. పగలంతా నూలులో ముడులు వెతికే వేలు అది. మనవరాలి పంటి మీద మెల్లగా నడిచింది.

"అగ్గో! నున్నగున్నది" అంది సత్తెవ్వ. "ఇంతకుముందు గోరు ఇరుకుతుండె. ఇప్పుడు ముడి లేని పోగు లెక్క జారుతున్నది. ఇగ ఇది గరుకైన్నాడు మీకు కబురు చేస్త."

"చెయ్యండి. తోమించడం మాత్రం మానకండి. పూత గాడిని కాస్తుంది గానీ పన్నంతా కాయదు."

"మానుతనా!" అని ఆవిడ మనవరాలిని చంకనేసుకుని లేచింది. ఏడేళ్ల పిల్ల, కాళ్లు ఆవిడ మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. దించమని లాస్య గింజుకుంటున్నా దించకుండానే గేటు దాటి వెళ్లిపోయింది.

శ్రీచరణ్ పరికరాలు సర్దబోతుంటే మందాకిని గారు ఆపారు. "అవి నేను సర్దుతాను. నువ్వు తరగతిలోకి వెళ్లి, మిగతా పిల్లల్ని ఒక్కొక్కరినే ఒకటి అడిగిరా. నీ పంటి మీద ఉన్న తెల్లటి పూతను ఇంట్లో ఎవరైనా చూశారా అని."

వెళ్లాడు. ముప్పై మందికి పైగా పిల్లలు. ఓపిగ్గా, ప్రతి బెంచీ దగ్గరా వంగి వంగి అడిగాడు. కొందరు తల అడ్డంగా ఊపారు, కొందరు సిగ్గుపడి నోరు మూసుకున్నారు. "మా అమ్మ నా నోట్లెకెందుకు చూస్తది సార్?" అని ఒకడు తిరిగి తననే అడిగాడు.

బయటికి వచ్చేసరికి మందాకిని గారు కారులో కూర్చుని ఉన్నారు. శ్రీచరణ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. తలుపు వెయ్యడం మరిచిపోయాడు.

"ఎవ్వరూ చూడలేదట మేడమ్" అన్నాడు. "ఒక్క ఇంట్లో తప్ప."

మందాకిని గారు చెయ్యి చాపి అతని వైపు తలుపు వేశారు.

"పొద్దున విననివాళ్లకు ఎలా చెప్పాలని నువ్వు అడిగింది, ఆ ఒక్క ఇంటి గురించే."